కషాయం నుంచి క్యాప్సూల్ దాకా: భీమవరం కుర్రాడి ప్రయాణం

దగ్గు, జలుబు పట్టుకుందంటే చాలు, మన చుట్టూ ముగ్గురు డాక్టర్లు తయారవుతారు. అమ్మ మిరియాలు, శొంఠి, తులసి వేసి కషాయం కాస్తుంది. పక్కింటి బాబాయి హోమియో తీపి గోళీల సీసా పట్టుకొస్తాడు. హాస్టల్లో రూమ్మేట్ అయితే నేరుగా మెడికల్ షాపుకెళ్లి ఏదో ఒక యాంటీబయాటిక్ స్ట్రిప్ తెచ్చి చేతిలో పెడతాడు. వీటిలో ఏది ఎందుకు పనిచేస్తుంది, అసలు పనిచేస్తుందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు. తగ్గితే మందు గొప్పతనం, తగ్గకపోతే మన ఒంటి తత్వం!

ఆ ప్రశ్న అడగడాన్నే తన వృత్తిగా మార్చుకున్న మనిషి ఒకరున్నారు. ఆయుర్వేద మందుతో ప్రాణం దక్కించుకుని, ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పి, చివరికి న్యుమోనియాకి పనిచేసే కొత్త యాంటీబయాటిక్‌ని ప్రపంచానికి ఇచ్చిన ప్రయోగశాలకు అధిపతి అయ్యారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. పోటీ పరీక్షల పుస్తకంలో ఈ పేరు మీకు ఒక బిట్టుగా తగిలే ఉంటుంది. సరైన ఆప్షన్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయి ఉంటారు. ఈసారి కాసేపు ఆగి, ఆ బిట్టు వెనకున్న మనిషిని చూడండి. ఆయన తొలి రోజుల రెజ్యూమె ముందు మీ రెజ్యూమె చాలా నయమనిపిస్తుంది.

మెట్రిక్‌లో రెండుసార్లు ఫెయిల్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ముందుగానే ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకి ఎప్పుడూ కటకటే. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయారని చెబుతారు. దారిలోనే దొరికిపోయారు. అమ్మ వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది.

పోనీ చదువైనా సాఫీగా సాగిందా అంటే అదీ లేదు. మెట్రిక్యులేషన్ తప్పారు. మళ్లీ రాశారు, మళ్లీ తప్పారు. ఈలోగా తండ్రి పోయారు. తల్లి ఒంటిమీది నగలు అమ్మి కొడుకుని చదివించింది. మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చేశారు. ఆ రోజుల్లోనే రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకోవాలన్న ఆలోచన వచ్చింది. అమ్మ ససేమిరా అంది. అలా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చులకు స్నేహితులు ఆదుకున్నారు. తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి కూడా చేయందించారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో సుబ్బారావుకి పెళ్లయింది.

ఖద్దరు గౌను ఖరీదు

మెడికల్ కాలేజీలో ఉండగానే గాంధీజీ విదేశీ వస్త్ర బహిష్కరణకు పిలుపిచ్చారు. సుబ్బారావు ఆపరేషన్ థియేటర్‌లోకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లడం మొదలుపెట్టారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా, చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ డిగ్రీ కాదు, అంతకన్నా తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్టు.

ఆ మూడక్షరాల తేడా ఎంత పని చేస్తుందో క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో కటాఫ్ దగ్గర ఆగిపోయిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మద్రాస్ మెడికల్ సర్వీస్‌లో ఉద్యోగం కోసం ప్రయత్నించారు. రాలేదు. పాతికేళ్లు దాటాయి. పెళ్లయింది. ఇల్లు గడవాలి. చదివిన చదువుకి ప్రభుత్వం తలుపు తెరవలేదు. మరి ఆయన్ని పిలిచి ఉద్యోగం ఇచ్చింది ఎవరు? మద్రాసులోని ఒక ఆయుర్వేద కాలేజీ.

ప్రాణం నిలబెట్టిన మందు

దానికి ముందు ఒక చేదు కథ ఉంది. సుబ్బారావు అన్నదమ్ములిద్దరు రోజుల తేడాలోనే చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. మన ఉష్ణ దేశాల్లో కనబడే పేగుల జబ్బు అది. ఆగని విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం, రక్తహీనత, చిక్కి శల్యమైపోవడం దాని లక్షణాలు. అప్పటి వైద్యం దగ్గర దానికి సరైన మందు లేదు. కొంతకాలానికి అదే జబ్బు సుబ్బారావుకీ వచ్చింది.

ఆయన్ని బతికించింది డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. లక్ష్మీపతి ఆధునిక వైద్యంలో పట్టా తీసుకుని, ఆ తర్వాత ఆయుర్వేదంలోకి వచ్చిన వ్యక్తి. ఆయన ఇచ్చిన ఆయుర్వేద మందుతో సుబ్బారావు లేచి తిరిగారు. ఆ తర్వాత లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కాలేజీలోనే అనాటమీ లెక్చరర్‌గా చేరారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తనవాళ్లని తీసుకుపోయిన జబ్బు ఆయుర్వేదంతో తనకి తగ్గింది. ఇంకొకరైతే రెండు దారుల్లో ఏదో ఒకటి పట్టేవారు. ఈ మందుకి మించింది లేదని జీవితాంతం ప్రచారం చేయడం ఒకటి. ఆధునిక వైద్యం చదివినవాణ్ణి, ఇదంతా కాకతాళీయం అని కొట్టిపారేయడం రెండోది. సుబ్బారావు మూడో దారి పట్టారు. ఈ మందుల్లో నిజంగా పనిచేసేది ఏమిటో వెతికి, ఆయుర్వేదానికి ఆధునిక శాస్త్రం పునాది వేయాలనుకున్నారు. నమ్మకం ఉంది కాబట్టే పరీక్ష పెట్టాలనుకున్నారు.

కానీ కాలేజీలో ఆ పరిశోధనకి తగిన సాధనాలు లేవు, రసాయనశాస్త్రంలో తనకి అంత పట్టూ లేదు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున మద్రాసు వచ్చిన ఓ అమెరికన్ డాక్టరుతో పరిచయమయ్యాక చూపు అమెరికా వైపు మళ్లింది. కాకినాడలోని మల్లాది సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత, మామగారు కొంత డబ్బు సర్దారు. మూడేళ్లలో తిరిగొస్తానన్న ఆలోచనతో ఓడెక్కారు. 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు.

పగలు హార్వర్డ్, రాత్రి బెడ్‌పాన్లు

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాలో సీటు దొరికింది గానీ స్కాలర్‌షిప్పు దొరకలేదు. చేతిలో ఉన్న ఎల్‌ఎంఎస్‌తో అమెరికాలో డాక్టరుగా పనిచేయడానికి వీల్లేదు. దాంతో పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పోర్టరుగా చేరారు. రోగుల బెడ్‌పాన్లు, మూత్రపు పాత్రలు ఎత్తి కడగడం ఆ పనిలో భాగం. మద్రాసులో లెక్చరర్‌గా చేసినాయన బోస్టన్‌లో ఆ పని చేశారు. విదేశాల్లో మాస్టర్స్ చేస్తూ రాత్రిపూట పెట్రోల్ బంకులోనో, గిడ్డంగిలోనో పనిచేస్తున్న మన పిల్లలకి ఈ బతుకు కొత్తేమీ కాదు.

డిప్లొమా అయ్యాక హార్వర్డ్ మెడికల్ స్కూల్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేలిగ్గా కొలిచే పద్ధతి కనుక్కోవడం మొదటి పని. ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించిన ఆ పద్ధతే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి. బీఎస్సీ బయోకెమిస్ట్రీ, బీఫార్మసీ వాళ్లు ల్యాబ్‌లో చేసే ఉంటారు. ద్రావణం నీలంగా మారుతుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. వందేళ్లు గడిచాయి, ఆ పేరు ఇంకా మన ప్రాక్టికల్ రికార్డుల్లో ఉంది.

ఆ కొలతే పెద్ద తలుపులు తీసింది. కండరంలో ఫాస్ఫరస్ కొలుస్తూ పోతే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు. ఒంట్లో ప్రతి కణమూ శక్తిని ఖర్చుపెట్టే నాణెం ఇదే. 1930లో సుబ్బారావుకి పీహెచ్‌డీ వచ్చింది.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకి శాశ్వత ప్రొఫెసర్ పదవి ఇవ్వలేదు. నలభయ్యో పడి నడుస్తోంది. మద్రాసులో తలుపు మూసుకున్నట్టే ఇక్కడా మూసుకుంది.

కాలేయం కషాయం లాంటిదే

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌కి పూర్తికాలం వెళ్లిపోయారు. పరిశోధన విభాగంలో అసోసియేట్ డైరెక్టర్‌గా చేరి, తర్వాత దానికే డైరెక్టర్ అయ్యారు. యూనివర్సిటీ వదిలి మందుల కంపెనీకి వెళ్లడాన్ని అప్పట్లో చాలామంది చిన్నచూపు చూసేవారు. కానీ మద్రాసులో దొరకని సాధనాలన్నీ ఆయనకి దొరికింది అక్కడే.

ఆయన పని చేసిన తీరు చూడండి. తీవ్ర రక్తహీనత ఉన్న రోగులకు జంతువుల కాలేయం తినిపిస్తే కోలుకుంటున్నారని 1920ల్లోనే అమెరికన్ డాక్టర్లు గమనించారు. ఒకరకంగా అదీ కషాయం లాంటిదే. పనిచేస్తోంది, ఎందుకో తెలియదు. ఎంత తినాలో, ఏ కాలేయంలో ఎంత బలముందో లెక్కలేదు. సుబ్బారావు బృందం ఆ కాలేయాన్ని భాగాలుగా విడదీస్తూ, ఏ భాగం పనిచేస్తోందో చూస్తూ, దాన్ని మళ్లీ విడదీస్తూ పోయింది. అలా చేతికి చిక్కింది ఫోలిక్ యాసిడ్. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారు కూడా చేసేశారు. ఇప్పుడు గర్భిణులకు ప్రతి పీహెచ్‌సీలో ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్ర అదే.

ఆ ఫోలిక్ యాసిడ్ రక్తహీనతతో పాటు మరో జబ్బుకీ బాగా పనిచేసింది. ఆ జబ్బు స్ప్రూ. అన్నదమ్ములిద్దరినీ తీసుకుపోయి, తనని చావు అంచుదాకా లాక్కెళ్లిన జబ్బుకి పాతికేళ్ల తర్వాత తన ప్రయోగశాల నుంచే మందు వచ్చింది. ఫలానా పదార్థం, ఇన్ని మిల్లీగ్రాములు అని లెక్క చెప్పగల మందు.

ఆ దారిలోనే ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. వాటిలో మొదటిదాన్ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇస్తే, జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గింది. క్యాన్సర్‌కి మందులతో వైద్యం చేయొచ్చన్న ఆశ అక్కడ గట్టిపడింది. బోదకాలు జబ్బుకి డీఈసీ మందు కూడా లెడర్లీ నుంచే వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి ఎదురుగా నిలబడి మింగించే మాత్ర అదే. భీమవరం కుర్రాడి పని అలా భీమవరానికి తిరిగొచ్చింది.

మట్టిలోంచి న్యుమోనియా మందు

ఇక ఊపిరితిత్తుల సంగతికి వద్దాం. 1940ల్లో పెన్సిలిన్ వచ్చి న్యుమోనియా మరణాలను బాగా తగ్గించింది. కానీ అన్ని న్యుమోనియాలూ దానికి లొంగలేదు. అప్పట్లో డాక్టర్లు ఎటిపికల్ న్యుమోనియా అని పిలిచిన రకం మీద పెన్సిలిన్ పనిచేసేది కాదు. పెన్సిలిన్ బ్యాక్టీరియా కణం చుట్టూ ఉండే గోడని దెబ్బతీస్తుంది. ఈ రకం న్యుమోనియా తెచ్చే మైకోప్లాస్మాకి అసలు గోడే లేదని తర్వాత తెలిసింది. టైఫస్, చిలకల నుంచి సోకే సిట్టకోసిస్ లాంటివాటికీ గట్టి మందు లేదు.

సుబ్బారావు విభాగంలో ఈ వేట అప్పగించింది ఎవరికో తెలుసా? యూనివర్సిటీ నుంచి రిటైరై, డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డుగ్గర్‌కి. దేశం నలుమూలల నుంచీ మట్టి తెప్పించడం, అందులోని సూక్ష్మజీవుల్ని పెంచడం, ఏది బ్యాక్టీరియాని చంపుతుందో చూడడం ఆ పని. వేలకొద్దీ నమూనాలు వృథా అయ్యాయి. 1945లో మిస్సోరి యూనివర్సిటీకి చెందిన శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే పాత వ్యవసాయ ప్రయోగ క్షేత్రం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దాన్నుంచి తీసిన మందుకి ఆ రంగు మీదుగానే ఆరియోమైసిన్ అని పేరుపెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు అదే. నోటితో మింగొచ్చు. పెన్సిలిన్ చేయలేని చోట కూడా పనిచేస్తుంది.

1948 జులైలో న్యూయార్క్‌లో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో ఆరియోమైసిన్ ఫలితాలు బయటపెట్టారు. మరుసటి నెల, ఆగస్టులో, సుబ్బారావు గుండె ఆగి చనిపోయారు. 53 ఏళ్లు. ఆ మందు ఎన్ని ప్రాణాలు కాపాడిందో ఆయన చూడలేదు.

మనం చూశాం. 1994 సెప్టెంబర్‌లో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు భయం పుట్టి జనం లక్షల్లో ఊరు వదిలిపోయినప్పుడు, మెడికల్ షాపుల్లో జనం ఎగబడి కొన్నది టెట్రాసైక్లిన్ క్యాప్సూళ్లే. ఈ రోజు డాక్టరు న్యుమోనియాకో, స్క్రబ్ టైఫస్‌కో రాసే డాక్సీసైక్లిన్ కూడా ఆ కుటుంబంలో తర్వాతి తరం.

అయితే ఇదీ సర్వరోగ నివారిణి కాదు. మామూలు జలుబు, ఫ్లూ వైరస్‌ల వల్ల వస్తాయి. వాటిమీద ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. టెట్రాసైక్లిన్‌లు చిన్నపిల్లల పళ్లకు శాశ్వతంగా మరకలు తెస్తాయని వాడకంలోకి వచ్చిన కొన్నేళ్లకి తెలిసింది. అందుకే రూమ్మేట్ తెచ్చిన స్ట్రిప్ మింగే ముందు కూడా అదే ప్రశ్న అడగాలి.

మన పెరట్లో అడ్డసరం

ఆ ప్రశ్నని మూడు ముక్కలుగా చెప్పుకోవచ్చు. ఇందులో ఏముంది? ఎంత ఉంది? ఎవరి మీద, దేనితో పోల్చి చూశారు? ఆధునిక మందులైనా, మన పెరటి మందులైనా ఈ మూడింటికీ జవాబివ్వాలి.

అడ్డసరం ఆకు తీసుకోండి. దగ్గుకి, కఫానికి ఆయుర్వేదం ఎన్నో వందల ఏళ్లుగా వాడుతున్న మొక్క. ఊళ్లలో కంచె పక్కన కనబడుతుంది. అందులో వాసిసిన్ అనే పదార్థం ఉందని రసాయనశాస్త్రం తేల్చింది. దాని నిర్మాణం ఆధారంగా 1960ల్లో జర్మనీలో బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది. మన ఒంట్లో బ్రోమ్‌హెక్సిన్ మారి ఏర్పడే ఆంబ్రాక్సాల్ కూడా తర్వాత మందయింది. కఫం పలచబరచడానికి ఇచ్చే సిరప్ సీసా మీద ఈ రెండు పేర్లలో ఒకటి తరచూ కనిపిస్తుంది. సుబ్బారావు మద్రాసులో చేద్దామనుకున్న పని ఇలాంటిదే. మొక్క మనది, ప్రశ్న ఇంకెవరో వేశారు. ఇది కాస్త గుచ్చుకోవాల్సిన విషయమే.

నేలవేముది ఇంకో రకం కథ. దగ్గు, గొంతునొప్పికి కొంత ఉపశమనం ఇస్తోందని కొన్ని పరీక్షల్లో కనిపించింది. కానీ ఆ పరీక్షల్లో చాలావాటి నాణ్యత సరిపోదని సమీక్షలు చెబుతున్నాయి. అంటే పని సగంలో ఉంది. ఎవరైనా పూర్తి చేయాలి.

హోమియోకి వస్తే మొదటి ప్రశ్న దగ్గరే చిక్కు వస్తుంది. 30సీ అంటే మూలపదార్థాన్ని నూరో వంతుకి పలచన చేయడం, అలా ముప్పైసార్లు చేయడం. పన్నెండుసార్లు దాటితే మొదట వేసిన పదార్థంలో ఒక్క అణువైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదని ఇంటర్ కెమిస్ట్రీ చదివిన అవగాడ్రో సంఖ్యతో మీరే లెక్కకట్టొచ్చు. పిల్లల శ్వాసకోశ ఇన్ఫెక్షన్లకు హోమియో మందుల మీద జరిగిన పరీక్షలను 2018లో కోక్రేన్ సంస్థ సమీక్షించింది. నికరమైన ప్రయోజనం ఉందనడానికి ఆధారాలు దొరకలేదు. మరి తగ్గిందంటున్నారే అంటారా? జలుబు మందేసినా వేయకపోయినా వారం పది రోజుల్లో తగ్గేదే. పోల్చి చూడడం ఎందుకు అవసరమో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

2021 మే నెల గుర్తుందా? నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌కి మూలికల మందు ఇస్తున్నారంటే వేలమంది ఆ ఊరికి తరలివెళ్లారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, పరిశీలన చేయించి, కంట్లో వేసే చుక్కలు మినహా మిగతావాటికి అనుమతిచ్చింది. హాని లేదు అన్నది ఒక జవాబు, పనిచేస్తుంది అన్నది వేరే జవాబు. ఈ రెంటికీ మధ్య దూరం ఎంతో తెలిసిన యువత మన దగ్గర ఎక్కువమంది ఉంటే, ఆక్సిజన్ అందక ఆయాసపడేవాళ్లని అంబులెన్సులో క్యూ కట్టించే అవసరం రాదు.

ఆయన చెల్లించిన మూల్యం

సుబ్బారావు జీవితాన్ని విజయగాథ అనేసి ముగిస్తే అబద్ధం అవుతుంది. మూడేళ్లనుకున్న ప్రయాణం నుంచి ఆయన తిరిగి రానేలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడలేదు. శేషగిరమ్మ ఇక్కడ ఎదురుచూస్తూనే ఉండిపోయారు. అమెరికా పౌరసత్వం ఆయనకి చివరిదాకా లేదు. ప్రయోగశాలలో ఏ కొత్త మందు వచ్చినా, పేరు పని చేసినవాళ్లకే దక్కాలని వెనకే ఉండిపోయేవారు. అందుకే పెన్సిలిన్ అనగానే ఫ్లెమింగ్ గుర్తొచ్చినట్టు టెట్రాసైక్లిన్ అనగానే ఆయన గుర్తురారు. 1995లో ఆయన శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది. ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.

ఇల్లు వదిలి దూరం వెళ్లాలా, ఇక్కడే ఉండాలా అని మీలో చాలామంది ఇప్పుడు తేల్చుకోలేక ఉన్నారు. ఆయన కథ అందుకు రెడీమేడ్ జవాబు ఇవ్వదు. కానీ ఒక తేడా మాత్రం ఉంది. 1922లో మద్రాసులో ఆయనకి దొరకని ప్రయోగశాలలు ఇప్పుడు హైదరాబాద్‌లో బస్సెక్కి వెళ్లేంత దూరంలో ఉన్నాయి.

ఈ దారిలో నడవాలంటే

బీఫార్మసీ వాళ్లు: ఎంఫార్మసీలో ఫార్మకాగ్నసీ అనే స్పెషలైజేషన్ ఉంది. మొక్కల్లోంచి మందు వెతికే శాస్త్రం అది. జీప్యాట్ రాస్తే హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్ ప్రవేశ పరీక్షకు దారి ఉంటుంది. రాష్ట్ర స్థాయిలో పీజీఈసెట్ ఉంది.

కెమిస్ట్రీ, బోటనీ, బయోకెమిస్ట్రీ వాళ్లు: ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే తార్నాకలోని ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి చోట్ల పీహెచ్‌డీ చేయొచ్చు. ఔషధ మొక్కల కోసం ప్రత్యేకంగా సీమ్యాప్ పరిశోధన కేంద్రం బోడుప్పల్‌లో ఉంది. వెంటనే ఉద్యోగం కావాలనుకుంటే మూలికల మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ విభాగాలు చూడండి. హెచ్‌పీఎల్‌సీ, హెచ్‌పీటీఎల్‌సీ యంత్రాల మీద చేయి తిరిగి ఉంటే ఇంటర్వ్యూలో మీ మాటకి బరువు పెరుగుతుంది.

బీఏఎంఎస్, బీహెచ్‌ఎంఎస్ వాళ్లు: పీజీకి ఏఐఏపీజీఈటీ ఉంది. ప్రాక్టీసు పెట్టడం ఒక్కటే దారి కాదు. క్లినికల్ రీసెర్చ్‌లో, మందుల దుష్ప్రభావాలు నమోదుచేసే ఫార్మకోవిజిలెన్స్‌లో మీలాంటి వాళ్ల అవసరం ఉంది. మీ వైద్యం మీద మీకే నమ్మకం ఉంటే, దానికి కఠినమైన పరీక్ష పెట్టే మొదటి వ్యక్తి మీరే అవ్వండి. లక్ష్మీపతి కాలేజీలో ఆ ఎల్‌ఎంఎస్ లెక్చరర్ చేయాలనుకున్నది అదే కదా.

అందరూ: మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ వివరాలు సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో ఉచితంగా చూడొచ్చు. ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో వాడే ఏదైనా దగ్గు మందు తీసుకోండి. కషాయమైనా సరే, సిరప్ అయినా సరే. దాని మీద ఏమైనా ట్రయల్ జరిగిందా, ఎంతమంది మీద, దేనితో పోల్చి చూశారో వెతికి అర పేజీ రాయండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత ప్రాజెక్టు లేదని బాధపడే వాళ్లకి ఇదొక మంచి మొదలు.

చివరగా ఒక జాగ్రత్త. ఆయాసం వస్తున్నా, జ్వరం తగ్గకుండా పీడిస్తున్నా కషాయాలతో కాలక్షేపం చేయకండి, డాక్టరుకి చూపించండి. దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వాసుపత్రిలో టీబీ పరీక్ష ఉచితంగా చేస్తారు. తప్పకుండా చేయించుకోండి.